పది చుక్కలు

మూడో రోజుకి గొడవ కొంచెం దిగివచ్చింది. "అది అసలు ఇంట్లోకే రాకూడదు" అని మొదలైనది "కనీసం పాల పక్కన పెట్టకండి" దాకా వచ్చింది.

"కూరగాయల అరలో పెడితే ఏం పోయింది? అక్కడా చల్లగానే ఉంటుందిగా" అన్నారు అత్తయ్య, ఫ్రిజ్ తలుపు పట్టుకుని.

"ఆ అర నువ్వు రోజుకి పదిసార్లు లాగుతావమ్మా. సీసా దొర్లిపోతుంది. పై అరలో, వెనకాల, ఓ మూలన పడి ఉంటుంది. నీ పాలగిన్నెకి జానెడు దూరం" అంది చిట్టి.

"జానెడు దూరం పురుక్కి ఎంతసేపు?"

"దానికి కాళ్లుండవమ్మా."

"కాళ్లు లేకుండానే మీ నాన్న కాలెక్కి కూర్చుందిగా."

"అది వేరు, ఇది వేరు. ఆ ఎక్కి కూర్చున్నదాన్ని చంపేది ఇది. ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఎన్నిసార్లు చెప్పినా రెండూ పురుగులే కదా" అన్నారు అత్తయ్య. తలుపు మాత్రం వదల్లేదు. చల్లగాలంతా వంటింట్లోకి పోతోంది.

ముందుగదిలోంచి మా ఆయన, "పోనీ నా చొక్కా జేబులో పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు" అన్నారు. ఆయన స్కూలు బస్సు నడుపుతారు. వేసవి సెలవులు కాబట్టి రోజంతా ఇంట్లోనే ఉండి, ప్రతి గొడవలోనూ ఇలా ఒక్క మాట వేస్తారు.

చిట్టి అంటే మా ఆడపడుచు. నలభై రెండేళ్లు నిండాయి. కాలేజీలో సూక్ష్మజీవుల విభాగానికి పెద్ద. ఇంట్లో ఇప్పటికీ చిట్టే. నేను అదే విభాగంలో ల్యాబ్ టెక్నీషియన్ని, ఆమె అక్కడ చేరకముందు నుంచీ. కాలేజీ గేటు లోపల ఆమె నాకు మేడమ్. గేటు బయట నేను ఆమెకి వదినని. ఇద్దరం ఒకే స్కూటరు మీద వెళ్తాం కాబట్టి ఈ మార్పు రోజూ వాచ్‌మన్ ఎదుటే జరుగుతుంది.

ల్యాబులో పాత ఫ్రిజ్ ఆ వారమే చెడిపోయింది. రెండోదాన్ని నమ్మడానికి లేదు, సెలవుల్లో కాలేజీలో కరెంటు ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు ఉండదో తెలియదు. ఉన్న సరుకంతా ఒకేచోట పెట్టకూడదని చిట్టి పంతం. అందుకే బొటనవేలంత గాజుసీసా ఒకటి ఇంటికి వచ్చింది. ల్యాబు వస్తువు ఇంటికి తేకూడదన్న నియమం మా ఇద్దరికీ తెలుసు. సీసా మీద తేదీ రాసి, లోపలి ద్రవం ఎంతవరకు ఉందో అక్కడ నల్ల మార్కరుతో గీత గీసింది నేనే. ఏ సీసాకైనా నేను అలా గీస్తాను. ఎవరైనా వాడి చెప్పకపోతే గీతే చెబుతుంది.

ఇదంతా మామయ్యగారి ఎడమ మడమ కోసం. షుగరున్న మనిషి, చెప్పు కరిచిన చిన్న పుండుని పట్టించుకోలేదు. అది ఏడు నెలల్లో ఎముక దాకా వెళ్లింది. అందులో చేరిన బ్యాక్టీరియా ఏ మందుకీ లొంగలేదు. కట్టు విప్పితే చీము లేత ఆకుపచ్చగా ఉండేది, ఒక రకమైన తియ్యటి వాసన వచ్చేది. ఆ వాసన వల్ల నాకు పండ్లు కూడా సహించేవి కావు. ఎండలు మొదలైన వారంలో సర్జన్ తేల్చి చెప్పాడు. "ఆరు వారాలు చూద్దాం. తగ్గకపోతే మోకాలి కింద నుంచి తీసేద్దాం. మొండికేసి ఇంకా ఆగితే మోకాలి పైనుంచి తీయాల్సి వస్తుంది, అప్పుడు నన్ను అనొద్దు."

చిట్టి ఆ బ్యాక్టీరియాకే జబ్బు చేసే వైరస్ కోసం వెతికింది. ఫేజ్ అంటారు దాన్ని. మనుషుల జోలికి రాదు, బ్యాక్టీరియాలోకి దూరి దాన్ని పగలగొడుతుంది. ఆసుపత్రి వెనక మురుగుకాలవ నీళ్లు తెచ్చి, వడకట్టి, వెతగ్గా వెతగ్గా ఒకటి దొరికింది. ఆసుపత్రి కమిటీ ఒక షరతు మీద ఒప్పుకుంది. ఆ ఫేజ్ ఏమిటో, ఎలాంటిదో, ఎంత వేగంగా పెరుగుతుందో, ఏ వేడికి చస్తుందో, బ్యాక్టీరియాతో రాజీపడి అందులోనే కాపురం పెట్టే రకమో కాదో, అన్నీ తేల్చి ఇవ్వాలి. పైగా ప్రతివారం మామయ్యగారి పుండులోంచి తీసిన కొత్త బ్యాక్టీరియా మీద అది పనిచేస్తున్నట్టు చూపించాలి. అన్నీ సరిగ్గా ఉంటే ఆరోవారంలో, ఆసుపత్రిలోనే, శుద్ధి చేసిన మందుగా ఇస్తారు.

ఫ్రిజ్ గొడవ విని మామయ్యగారు చేతికర్ర ఊతంతో వంటింటి గుమ్మం దాకా వచ్చారు. ఆయన ఒక డాక్టరు దగ్గర నలభై ఏళ్లు కాంపౌండరుగా పనిచేశారు. మందు సీసా ఏదైనా సరే, వెలుగుకి ఎత్తి చూడకుండా ఉండలేరు. చిట్టి చేతిలోంచి తీసుకుని ఎత్తి చూశారు.

"మోతాదెంత?"

"ఇంకా తేలలేదు నాన్నా."

"తేలకుండా సీసాలో పోసెయ్యడం ఏమిటే? ముందు మోతాదు, తర్వాత సీసా."

"ఇది ఇంకా మందు కాదు నాన్నా. దీని గురించి తెలుసుకుంటున్నాం, అంతే."

"పనిచేస్తుందా?"

"మా ప్లేట్ల మీద బ్రహ్మాండంగా పనిచేస్తోంది" అంది చిట్టి. ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ ఏ కూతురైనా అంటుంది.

సీసా పై అరలోకి వెళ్లింది. పాలగిన్నె కింది అరలోకి దిగింది.

*

ఆ నెల్లాళ్లూ నా బతుకు ప్లేట్లతోనే. పొద్దున్నే ఆగర్, అంటే బ్యాక్టీరియా పెరిగే జెల్లీ, కరిగించి వేడినీళ్ల తొట్టిలో ఉంచుతాను. సీసా చెంపకి ఆనిస్తే ఓర్చుకోగలిగినంత వేడికి రావాలి. ఎక్కువైతే బ్యాక్టీరియా చస్తుంది, తక్కువైతే గడ్డకట్టి ముద్దలుగా పడుతుంది. థర్మామీటరు ఉంది, అయినా నేను చెంపనే నమ్ముతాను. గొట్టంలో బ్యాక్టీరియా ఒక చుక్క, ఫేజ్ ఒక చుక్క, పైన ఆ ఆగర్ వేసి ఒక్కసారి తిప్పి ప్లేటు మీద పోసెయ్యాలి. మర్నాటికి ప్లేటంతా మసక తెల్లటి పొర పరుచుకుంటుంది. ఫేజ్ ఉన్నచోట పొరకి గుండ్రంగా చిల్లు పడుతుంది. మా ఫేజ్ చేసే చిల్లు చుట్టూ సన్నటి వలయం ఉండేది, తడిగ్లాసు పెట్టి తీస్తే బల్ల మీద మిగిలే గుర్తులాగా. వంద రకాలు కలిపి పెట్టినా దాన్ని గుర్తుపట్టగలను.

పెరుగుదల లెక్క తీసిన రోజు ఇద్దరం టీ కూడా తాగలేదు. అయిదు నిమిషాలకోసారి చుక్క తీసి పోయాలి. చిట్టి గడియారం చూసి "ఇప్పుడు" అంటుంది, నేను తీస్తాను. మర్నాడు ప్లేట్లు లెక్కపెడితే, ఇరవై అయిదు నిమిషాల దాకా అంకె కదల్లేదు. ముప్ఫై నిమిషాల ప్లేటు మీద లెక్కపెట్టలేనన్ని చిల్లులు.

"ఒక్కో బ్యాక్టీరియాలోంచి తొంభై పిల్లలు, వదినా" అంది.

"గేటు లోపల ఉన్నాం మేడమ్" అన్నాను.

"సారీ. తొంభై పిల్లలు, టెక్నీషియన్ గారూ."

"నయం, వాటికి స్కూళ్లు లేవు. మీ అన్నయ్య బస్సు చాలేది కాదు."

అరవై డిగ్రీల వేడిని తట్టుకుంది, డెబ్భైకి చచ్చింది. ఘాటైన ఆమ్లంలో బతకలేదు. కాపురం పెట్టే రకం కాదని జన్యువుల పరీక్ష చెప్పింది. వేరే సంస్థ నుంచి మైక్రోస్కోపు ఫొటో వచ్చింది. ఆరుపలకల తల, కింద చిన్న తోక. చిట్టి దాన్ని ఫోనులో ఇంటికి తెచ్చి అందరికీ చూపించింది. మామయ్యగారు కళ్లజోడు మార్చి మార్చి చూశారు. అత్తయ్య మాత్రం తల తిప్పేసుకున్నారు.

"ఇదేనా? ఇదా మీ నాన్న కాలు కాపాడేది?"

"ఇదేనమ్మా."

"ఎప్పుడు?"

"ఆరోవారంలో."

"అప్పటికి కాలు ఉండొద్దూ" అన్నారు, ఎవరితోనూ కాకుండా.

*

పొద్దుటి కట్టు నేను కట్టేదాన్ని, సాయంత్రం కట్టు అత్తయ్య. వారానికోసారి, సోమవారం పొద్దున, పుండుని దూది పుల్లతో తుడిచి ల్యాబుకి తీసుకువెళ్లేదాన్ని. మూడోవారంలో పుండు కొంచెం బాగుపడినట్టు కనిపించింది. ఆకుపచ్చ తగ్గింది, వాసన తగ్గింది. ఆ రెండుమూడు రోజులూ ఇల్లు ఇల్లులా ఉంది. మా ఆయన సర్జన్‌ని అనుకరిస్తూ, "అప్పుడు నన్ను అనొద్దు" అని ప్రతి మాట చివరా తగిలించారు. అత్తయ్య కూడా నవ్వారు.

ఫ్రిజ్ గురించి ఆవిడ మళ్లీ నోరెత్తలేదు. నిజానికి ఆ సీసా ఉన్న మూల దుమ్ము తుడిచి పెడుతున్నారు. అలవాటు పడిపోయారనుకున్నాను.

నాలుగోవారంలో పుండు చుట్టూ ఎర్రబడింది. సాయంత్రాలు ఆయన ఒళ్లు వెచ్చబడేది. తొంభైతొమ్మిది, వంద. బయట ఎండ చూస్తే గోడలకే జ్వరం వచ్చేలా ఉంది, దానివల్లే అనుకున్నాం. ఆ సోమవారం ప్లేటు మీద చిల్లుల లోపల సన్నటి తెల్ల చుక్కలు మొలిచాయి, బ్యాక్టీరియా చావకుండా మిగిలినట్టు. మేడమ్‌కి చూపిస్తే, "ఆగర్ మందంగా పడింది, మళ్లీ వెయ్యి" అంది. మళ్లీ వేస్తే కొంచెం తక్కువగా కనిపించాయి. సరేలెమ్మని రాసేసుకున్నాం. మాకు ఏది చూడాలని ఉందో అదే చూశాం.

అయిదోవారం ప్లేటు మీద చిల్లే లేదు.

ముందు అది నా చేతి తప్పనుకున్నాను. ఫేజ్ వెయ్యడం మరిచానేమో. మూడు ప్లేట్లు మళ్లీ పోశాను, ఈసారి ప్రతి చుక్కా పైకి చెప్పుకుంటూ. మర్నాడు మూడూ అంతే. మొదటివారం బ్యాక్టీరియాని ఫ్రీజర్లోంచి తీసి దాని మీద అదే ఫేజ్ వేస్తే గుండ్రటి చిల్లులు, చుట్టూ వలయాలు. ఫేజ్ బాగానే ఉంది. మారింది మామయ్యగారి పుండులోని బ్యాక్టీరియా.

చిట్టి ప్లేటుని దీపం ముందు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఎదుర్కోవడం నేర్చుకుంది" అంది. "ఎప్పుడూ చూడనిదాన్ని ఇంత గట్టిగా ఎదుర్కోవడం ఎలా నేర్చుకుంటుంది?"

ప్లేటు బల్ల మీద పెట్టి నా వైపు తిరిగింది.

"తుడిచి తెచ్చిన పుల్ల ఉందా?"

"ఉంది మేడమ్."

"దాన్ని నీళ్లలో కడిగి, ఆ నీళ్లు వడకట్టు. బ్యాక్టీరియా ఆగిపోవాలి, ఫేజ్ ఉంటే దిగిపోతుంది. దిగినదాన్ని మొదటివారం బ్యాక్టీరియా మీద ఒక చుక్క వెయ్యి."

ఎందుకని అడగలేదు. నాకు అర్థమైంది. వేశాను.

మర్నాడు పొద్దున ప్లేటు తీసి చూస్తే చుక్క వేసిన చోట పొర ఖాళీ. దాని అంచున విడివిడిగా పడిన చిల్లులు పదీ పదిహేను. ఒక్కోదాని చుట్టూ సన్నటి వలయం, తడిగ్లాసు గుర్తులాగా.

మా ఫేజ్ మామయ్యగారి పుండులో ఉంది.

ముక్కాలిపీట మీద కూలబడ్డాను. చిట్టి నిలబడే ఉంది. కట్టు కట్టేది నేను. ల్యాబు తాళాలు ఉండేది మా ఇద్దరి దగ్గరే. నేను ఆమె వైపు చూశాను, ఆమె నా వైపు చూసింది. ఇన్నేళ్లలో మేం ఒకరినొకరం అలా చూసుకోలేదు.

"వదినా, నువ్వా?" అంది.

"నువ్వు కాదా?" అన్నాను నేను.

ఇద్దరం ఒకే మనిషి కోసం ఆ పని చేసి ఉండేవాళ్లమే. అందుకే ఇద్దరికీ రెండోవాళ్ల మీద అనుమానం అంత సులువుగా వచ్చింది. ఇద్దరం స్కూటరెక్కి ఇంటికి బయలుదేరాం. రోడ్డు మీద తారు కరిగి చక్రాలకి అంటుకుంటోంది.

*

మా ఆయన ముందుగదిలో నేల మీద పేపర్లు పరిచి టేబుల్ ఫ్యాను విప్పుతున్నారు. మామయ్యగారు కిటికీ పక్క మంచం మీద, కాలు దిండు మీద పెట్టుకుని ఉన్నారు. చిట్టి చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి వెళ్లి ఫ్రిజ్ తెరిచింది. నేను వెనకే వెళ్లాను.

సీసా మూలనే ఉంది. ద్రవం నా నల్ల గీత దగ్గరే ఉంది. వెంట్రుకవాసి తేడా లేదు.

"గీత దగ్గరే ఉంది" అంది చిట్టి. మళ్లీ నా వైపు తిరిగింది. ల్యాబులో ఉన్న సీసాలు తప్ప ఇంకేం లేవు. వాటిని ముట్టుకునేది మేమిద్దరమే.

గుమ్మంలోంచి మా ఆయన, స్క్రూడ్రైవరు చేత్తో పట్టుకుని, "ఏమిటి, దొంగని పట్టుకున్నట్టు చూసుకుంటున్నారు?" అన్నారు.

నేను సీసా తీసుకున్నాను. ఆ ద్రవం నేను వారంవారం తయారుచేసేదే. దాని రంగు నాకు కంఠతా వచ్చినట్టు తెలుసు. లేత టీ రంగు. కిటికీ వెలుగులో పెట్టి చూస్తే ఇందులో ఆ రంగు చాలా పలచబడి ఉంది.

"ఇందులో నీళ్లు కలిశాయి" అన్నాను.

"నేనే కలిపాను" అన్నారు అత్తయ్య.

ఆవిడ స్టవ్వు దగ్గర నిలబడి ఉన్నారు. గొంతులో తడబాటు లేదు. ఎప్పుడు అడుగుతామా అని ఎదురుచూస్తున్నట్టే ఉన్నారు.

"తీసినంత మళ్లీ పోశాను. కాచి చల్లార్చిన నీళ్లే. పొయ్యకపోతే నీ గీతకి తెలిసిపోతుందిగా" అని నాతో అన్నారు.

"ఎందుకు తీశావమ్మా?" అంది చిట్టి. తెలిసే అడిగింది.

"కట్టులో వెయ్యడానికి. ఇంకెందుకు తీస్తాను, తాగడానికా? నువ్వేగా బ్రహ్మాండంగా పనిచేస్తోందన్నావు. బ్రహ్మాండంగా పనిచేసేదాన్ని పాలపక్కన పెట్టుకుని, మనిషి కాలు కుళ్లిపోతుంటే కాగితాల కోసం కూర్చోమంటావా? మీ నాన్నకి చెప్పాను. ఆయనే మోతాదు చెప్పారు."

అందరం ముందుగదిలోకి వచ్చాం. మామయ్యగారు అన్నీ విన్నట్టే ఉన్నారు. దిండు కింద నుంచి చిన్న నోటుపుస్తకం తీసి చిట్టికి అందించారు. భయపడినట్టు లేరు. పాత కేసు కాగితం డాక్టరుకి అందించినట్టు అందించారు.

"మందు వేసి రాయకుండా ఉంటానా? చూడు" అన్నారు.

పెన్సిల్‌తో ముత్యాల్లాంటి అక్షరాలు. తేదీ. సాయంత్రం ఆరున్నర. పది చుక్కలు. నొప్పి లేదు. కింద ఇంకో తేదీ. సాయంత్రం ఆరున్నర. పది చుక్కలు. వాసన తగ్గింది. ఇరవై మూడు రోజులు, ఒక్క రోజు తప్పలేదు. నాలుగోవారం దగ్గర, ఒళ్లు వెచ్చబడింది, మందు కదలిక తెచ్చినట్టుంది, అని రాసి ఉంది.

చిట్టి చివరి పేజీ దాకా తిప్పి, మళ్లీ మొదటి పేజీకి వచ్చింది.

"పది చుక్కలేమిటి నాన్నా?"

"పసిపిల్లల మోతాదు. కొత్త మందు, గుణం తెలియదు. తక్కువలో మొదలుపెట్టి వారం వారం పెంచుదామనుకున్నాను. సీసా చిన్నది, పెంచితే చాలదని పదితోనే ఉంచాను. ఏ మందైనా అంతే, ముందు తక్కువ." ఆ తర్వాత అత్తయ్య వైపు తిరిగారు. "ఏం నీళ్లు?"

అత్తయ్య కొంగుతో చేతులు తుడుచుకున్నారు.

"నిన్నే. ఏం నీళ్లు?"

"కాచినవే" అన్నారు అత్తయ్య.

"ఏ రోజు నుంచి?"

"మొదటి రోజు నుంచీ."

"రోజూనా?"

"తీసినంత పోశాను. ఎక్కువ కాదు."

మామయ్యగారు చిట్టి చేతిలోంచి పుస్తకం వెనక్కి తీసుకున్నారు. కళ్లజోడు పెట్టుకుని మొదటి పేజీ, రెండో పేజీ, మూడో పేజీ చూశారు. పెన్సిల్ అందుకున్నారు. పది చుక్కలు అన్నచోటల్లా ఏదో దిద్దబోయి, ఏం దిద్దాలో తెలియక పెన్సిల్ గాల్లోనే ఆపారు.

"అయితే నేను రాసిందంతా అబద్ధం" అన్నారు.

కాలు పోతుందని సర్జన్ చెప్పిన రోజున కూడా ఆయన మొహం అలా కాలేదు.

"నాన్నా," చిట్టి మంచం పట్టె మీద కూర్చుంది. "అది ఇప్పుడు పనిచేయడం లేదు. పుండులోది దానికి అలవాటు పడిపోయింది. వదిన నాలుగుసార్లు చూసింది."

"నీళ్లవల్లా?"

"చెప్పలేం. పూర్తి మోతాదు వేసినా అలవాటు పడేదేమో. ఒక్క ఫేజ్‌తో అలా జరుగుతుంది. చివరికి వచ్చేసరికి సీసాలో ఫేజ్ మూడోవంతు కూడా మిగల్లేదు. అలా రోజురోజుకీ తగ్గిస్తూ పోతే దానికి నేర్చుకోవడం తేలిక. కానీ దానివల్లే అని నేను రాసివ్వలేను."

ఆ మాట దయతో అన్నదో, నిజం కాబట్టి అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు. అత్తయ్య ఆ మాట పట్టుకోలేదు. మూడోవంతు అన్న ముక్క దగ్గరే ఆగిపోయారు.

"నేను పాడు చేశానా చిట్టీ?"

మా ఆయన ఫ్యాను రెక్కలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

*

మర్నాడు ల్యాబులో రిపోర్టు తెరిచి ఉంది. మొదటి నాలుగు వారాల పట్టికలు నిండాయి, అయిదోది ఖాళీగా ఉంది.

"నాలుగు వారాలవి పెట్టి పంపించేద్దాం" అంది చిట్టి, స్క్రీను వైపే చూస్తూ. "లోపల ఎముకలో పాతవి ఇంకా ఉండొచ్చు. అన్నీ మారి ఉండవు. పెద్ద మోతాదులో, శుద్ధి చేసింది, ఒక్కసారి ఇచ్చి చూడనీ. ఇవ్వకపోతే కాలు ఎలాగూ పోతుంది కదా. అయిదోవారం ప్లేట్లు పారేసెయ్."

పారేయమంటే ఎర్రసంచీలో వేసి, సూక్ష్మజీవుల్ని చంపే ఆవిరిపెట్టెలోకి పంపడం. రోజూ చేసే పనే. ప్లేట్లు నా ఎదురుగా దొంతరగా ఉన్నాయి.

"చిట్టీ" అన్నాను.

ఆమె తల తిప్పి చూసింది. ఆ గది గుమ్మం లోపల నేను ఆ పేరు పలకడం అదే మొదటిసారి.

"నేను పారెయ్యలేను. రేపు ఆయనకి ఇచ్చి పనిచెయ్యకపోతే ఎందుకు పనిచెయ్యలేదో డాక్టర్లకి తెలియాలి. ఇంకోవారం అందులో పోతుంది. ఆ వారంలో మోకాలు కూడా పోతుంది."

ఆమె కుర్చీ జరుపుకుని, "చదువు, కొడతాను" అంది. నేను రిజిస్టరు చూసి చదివాను. అయిదోవారం, చిల్లులు సున్నా. మళ్లీ చేసినది, సున్నా, సున్నా, సున్నా. పుండు తుడిచిన నీళ్లు వడకట్టి వేసినది, చిల్లులు ఉన్నాయి, వలయంతో. దాని కింద ఇంట్లో ఫ్రిజ్ సంగతీ, పది చుక్కల సంగతీ ఆమే రాసింది. తన పేరు పెట్టింది. కింద నా పేరు కూడా పెట్టమన్నాను, పెట్టలేదు.

కమిటీ రెండు రోజుల్లో కాదని చెప్పింది. కాలేజీ నుంచి చిట్టికి సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. ఆమె దాన్ని డ్రాయరులో పెట్టి, కాలవల వెంట తిరగడం మొదలుపెట్టింది. మారిన బ్యాక్టీరియాని చంపే ఇంకో ఫేజ్ ఎక్కడైనా దొరక్కపోతుందా అని. ఆసుపత్రి వెనక, మాంసం కొట్ల వెనక, పందుల దొడ్ల దగ్గర, నీళ్ల శుద్ధి కేంద్రం దగ్గర. ముక్కుకి గుడ్డ కట్టుకుని, పొడుగాటి కర్రకి సీసా కట్టి తోడేది. పదకొండు చోట్ల నీళ్లు తెచ్చింది. పదకొండు ప్లేట్ల మీదా పొర చెక్కుచెదరలేదు. "ఇంకో మూడు వారాలు ఇస్తే" అని సర్జన్‌కి ఫోన్ చేస్తే, "నేనిస్తాను, కాలు ఇస్తుందా?" అన్నాడట.

ఆ ఆరు రోజులూ మామయ్యగారు అత్తయ్యతో మాట్లాడలేదు. కోపంగా కూడా లేరు. మంచినీళ్లు కావాలంటే నన్ను అడిగేవారు. సాయంత్రం కట్టు నేనే కట్టాలని ఎవరూ చెప్పలేదు, నేనే కడుతున్నాను. ఆ వేళకి అత్తయ్య పెరట్లోకి వెళ్లి, ఆరిన బట్టలు మళ్లీ దులిపి మళ్లీ ఆరేసేవారు. ఒకరోజు నాతో, "మందులో నీళ్లు పోసిన కాంపౌండర్లని ఆయన ఎన్ని మాటలనేవారో నీకు తెలియదు" అన్నారు.

*

శనివారం మధ్యాహ్నం అందరం భోజనాలకి కూర్చున్నాం. చిట్టి అప్పుడే వచ్చి స్నానం చేసి, తడిజుట్టుతోనే కూర్చుంది. పాదాల మీద కాలవ బురద ఇంకా పూర్తిగా పోలేదు. మామయ్యగారు మంచం దిగి, కర్ర ఊతంతో బల్ల దాకా వచ్చి కూర్చున్నారు. మామూలుగా ఆయన కంచం మంచం దగ్గరికే పంపిస్తాం. మా ఆయన లేచి కుర్చీ సర్దబోతే చేత్తో వద్దన్నారు.

"చిట్టీ, ఇక కాలవలకి వెళ్లకు" అన్నారు.

"ఇంకో రెండు చోట్లు ఉన్నాయి నాన్నా."

"ఉంటాయి. చూసుకో. నాకోసం కాదు, తీరిగ్గా, ఇంకెవరికైనా పనికొస్తుంది. దొరికితే ఒక్కటి కాదు, రెండు మూడు కలిపి ఇవ్వు. మోతాదు నన్ను అడక్కు."

ఆయన నవ్వుతున్నారో లేదో తెలియక ఎవరమూ నవ్వలేదు.

"పొద్దున సర్జన్‌కి నేనే ఫోన్ చేశాను" అన్నారు. "మోకాలు ఇంకా బాగానే ఉందిట. ఇప్పుడైతే కిందనుంచి తీస్తే చాలన్నాడు. సోమవారం చేరతాను, మంగళవారం తీస్తారు. అబ్బాయ్, బస్సు వద్దు, ఆటో చెప్పు."

మా ఆయన తలూపారు. చిట్టి కంచం వైపే చూస్తోంది. అత్తయ్య వడ్డించడానికి తెచ్చిన గిన్నె చేతిలో పట్టుకుని, బల్లకి రెండడుగుల అవతల ఆగిపోయారు. ఆరు రోజులుగా ఆవిడ ఆ రెండడుగులు దాటడం లేదు.

"పదిరోజులు ఉండాలిట" అన్నారు మామయ్యగారు, ఎవరివైపూ చూడకుండా, మంచినీళ్ల గ్లాసు కొంచెం జరుపుతూ. "మీరు ఎవరి పనుల్లో వాళ్లు ఉండండి, సాయంత్రాలు వస్తే చాలు. రోజంతా నా దగ్గర మీ అమ్మ ఉంటుంది."